కార్బురేటర్ మార్చే ముందు ఆ సన్నని పైపు సంగతి తేల్చండి

మీరు చెప్పినదాన్ని ముందు నా మాటల్లో పెడతాను. బండి వయసు ముప్పై ఏళ్లకు దగ్గర. సింగిల్ సిలిండర్, ఫోర్ స్ట్రోక్, కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగం) ఉన్న బండి. మూడేళ్లు మూలన పడి ఉంది. ఇటీవల బయటికి తీస్తే స్టార్ట్ అయింది, బాగానే నడుస్తోంది. కానీ రాత్రి నిలబెడితే తెల్లవారేసరికి ఇంజిన్ కింద మరక, గదంతా పెట్రోల్ వాసన. పెట్రోల్ పైపు మార్చారు. ఫ్లోట్ నీడిల్ (కార్బురేటర్‌లో పెట్రోల్ మీద తేలే ఫ్లోట్ పైకి లేచినప్పుడు పెట్రోల్ దారిని మూసే చిన్న సూది) మార్చారు, లాభం లేక దాన్నే మరోసారి మార్చారు. అయినా కార్బురేటర్ కింద వేలాడే సన్నని పైపు నుంచి బొట్లు పడుతూనే ఉన్నాయి. ఇక కార్బురేటర్ మొత్తం కొత్తది వేయాల్సిందేనని మెకానిక్ అన్నారు. వేయాలా అని మీ ప్రశ్న.

వద్దు. కనీసం ఇప్పుడే వద్దు. ఆ కార్బురేటర్‌లో పాడైంది ఏదో ఒక చిన్న ముక్క అయి ఉంటుంది. అది ఏదో తేల్చకుండా మొత్తం మార్చడమంటే ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే. పెట్రోల్ దగ్గర ఈ సామెతను అక్షరాలా నిజం చేయడం కూడా చాలా తేలిక కాబట్టి జాగ్రత్తల గురించి కూడా చెబుతాను. అంతకంటే ముందు మరో పని ఉంది.

మిగతాది చదవకముందే వెళ్లి ఇంజిన్ ఆయిల్ చూడండి. అప్పటిదాకా కిక్ కొట్టకండి, సెల్ఫ్ నొక్కకండి. డిప్‌స్టిక్ తీసి మట్టం ఎక్కడ ఉందో చూడండి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి, రెండు వేళ్ల మధ్య రుద్దండి. మట్టం పైగీత దాటి ఉంటే, పెట్రోల్ వాసన కొడుతుంటే, జిడ్డు తగ్గి నీళ్లలా జారుతుంటే, రాత్రిపూట కారిన పెట్రోల్‌లో కొంత నేల మీద పడకుండా లోపలికి పోయిందని అర్థం. కార్బురేటర్‌లో మట్టం పెరిగితే పెట్రోల్‌కు రెండు దారులు ఉంటాయి. ఒకటి మీరు చూస్తున్న ఆ సన్నని పైపు. రెండోది ఇన్‌టేక్ గొట్టం గుండా ఇంజిన్‌లోకి. వాల్వ్ తెరిచి ఉన్న స్థితిలో ఇంజిన్ ఆగి ఉంటే పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో చేరి, పిస్టన్ రింగుల పక్కనుంచి మెల్లగా ఆయిల్‌లోకి దిగుతుంది. కాబట్టి నేల మీద మరక చూసి భయపడే మనం, మరక పెద్దగా లేని రోజున ఇంకా ఎక్కువ భయపడాలి.

సిలిండర్‌లో పెట్రోల్ నిలిచి ఉండగా కిక్ కొడితే ఏమవుతుందో ఒక లెక్క చెబుతాను. 150 సీసీ ఇంజిన్, కంప్రెషన్ నిష్పత్తి 9:1 అనుకోండి, అంటే పిస్టన్ పైకి చేరేసరికి లోపలి జాగా తొమ్మిదో వంతుకు తగ్గుతుంది. పిస్టన్ పూర్తిగా పైకి చేరినప్పుడు దాని మీద మిగిలే ఖాళీ 19 మిల్లీలీటర్ల లోపే. అంటే నాలుగు టీస్పూన్లు. గాలి నలుగుతుంది గానీ పెట్రోల్ నలగదు. నాలుగు టీస్పూన్ల కంటే ఎక్కువ పెట్రోల్ అక్కడ ఉంటే పిస్టన్ గోడకు గుద్దుకున్నట్టు ఆగిపోతుంది. సెల్ఫ్ మోటార్ బలానికో, ఆవేశంగా కొట్టిన కిక్కుకో కనెక్టింగ్ రాడ్ వంగవచ్చు. చాలా ఏళ్ల కిందట నా బండే ఒక ఉదయం కిక్ సగంలో బిగుసుకుపోయింది. కిక్ షాఫ్ట్ ఇరుక్కుందనుకుని మొత్తం బరువు వేసి తొక్కాను. కిక్కు కదల్లేదు, నా మోకాలు మాత్రం వారం రోజులు పట్టేసింది. తర్వాత ప్లగ్ విప్పితే రంధ్రంలోంచి పెట్రోల్ బయటికి వచ్చింది. రాడ్ వంగకపోవడం నా తెలివి కాదు, అదృష్టం.

మీకూ ఆయిల్‌లో వాసన ఉంటే ఇగ్నిషన్ తాళం తీసేయండి, స్పార్క్ ప్లగ్ విప్పండి, ప్లగ్ క్యాప్‌ను రంధ్రానికి దూరంగా కట్టేయండి. బండిని టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. కిక్ కొట్టి బయటికి చిమ్మించవద్దు. అది పొగమంచులా వస్తుంది, అది అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. తర్వాత ఆయిల్ మార్చండి. లీకు పూర్తిగా ఆగాక మార్చడమే మంచిది, లేకపోతే రెండుసార్లు మార్చాల్సి వస్తుంది. అప్పటిదాకా మాత్రం ఇంజిన్ నడపకండి. పెట్రోల్ కలిసిన ఆయిల్ బేరింగులను కాపాడదు.

ఇక జాగ్రత్తలు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి లేచి పోదు, నేల వెంట పాకుతూ పల్లంలో పోగవుతుంది. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి దాని నుంచి వస్తుంది. గాలిలో 1.4 శాతం ఉన్నా చాలు. అందుకే గదిలో వాసన వచ్చిన ఉదయం లైటు స్విచ్ ముట్టుకోకుండా తలుపులు తెరవండి. బండిని ఆరుబయటికి తోయండి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి, ఆ తర్వాతే పానా పట్టండి. ఇంజిన్ వేడిగా ఉంటే గంటసేపు ఆగండి. పొడి రసాయనం ఉన్న మంటలార్పే సిలిండర్ చేతికి అందేలా ఉండాలి. బకెట్ నీళ్లు పనికిరావు, పెట్రోల్ నీటి మీద తేలుతూ మంటను ఇంకా దూరం తీసుకెళ్తుంది. పెట్రోల్ పట్టడానికి రేకు డబ్బా వాడండి. థర్మోకోల్ కప్పు పెడితే క్షణాల్లో కరిగిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పాత బండ్ల లీకులతో ఇరవై ఏళ్లకు పైగా కుస్తీ పడుతున్నాను. ఇందులో నేను వృథా చేసిన డబ్బంతా తడి కనిపించిన చోటే లీకు ఉందనుకోవడం వల్లే పోయింది. పెట్రోల్ పలచనిది. పైన ఎక్కడో బయటపడి, పైపు వెంటో ఇనుము అంచు వెంటో జారుతూ వచ్చి, అన్నిటికంటే కిందున్న చోట బొట్టు కడుతుంది. ఎండలో అయితే దారిలో ఉన్న తడి ఆరిపోయి చివరి బొట్టే మిగులుతుంది. కాబట్టి ముందు తడి గుడ్డతో అంతా తుడిచి, ఆరాక టాల్కం పౌడరో సుద్దపొడో పలచగా చల్లండి. టార్చి వేసి చూస్తే పొడి మీద పెట్రోల్ నడిచిన దారి ముదురు గీతలా కనిపిస్తుంది. ఆ గీత పైకొస ఎక్కడ ఉందో అదే మీకు కావలసింది. పాత లీకయితే పౌడర్ కూడా అక్కర్లేదు, పెట్రోల్ ఆరిన చోట పసుపు, గోధుమ రంగు జిగురు మరక తనంతట తానే దారి చెబుతుంది.

మీ విషయంలో బొట్టు ఆ సన్నని పైపు నుంచే వస్తోందని తెలుసు కాబట్టి సగం పని అయినట్టే. మిగిలిన సగాన్ని రెండుగా చీల్చేది పెట్రోల్ ట్యాప్. ట్యాప్ ఆఫ్ చేసినా రాత్రంతా కారుతోందా? మీరు రాసిన దాంట్లో ఈ ముక్క లేదు. ట్యాప్ ఆఫ్‌లో ఉంటే కార్బురేటర్ ఎంత పాడైనా కారగలిగేది దాని చాంబర్‌లో, అంటే అడుగున ఉన్న చిన్న గిన్నెలో నిలిచిన పెట్రోల్ మాత్రమే, చిన్న బండ్లలో అది కొన్ని పదుల మిల్లీలీటర్లకు మించదు. రాత్రికి అంతకంటే ఎక్కువ పడుతోందంటే మీరు ట్యాప్ మూయడం లేదన్నా అవ్వాలి, ట్యాప్ మూసినా మూసుకోవడం లేదన్నా అవ్వాలి. పరీక్ష తేలిక. ట్యాప్ ఆఫ్ చేసి, కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి, ఆ కొసను రేకు డబ్బాలో పెట్టి పావుగంట కూర్చోండి. పైపులో ఉన్నది దిగిపోయాక ఒక్క బొట్టు కూడా రాకూడదు. తర్వాత చూద్దామని లేచి వెళ్లకండి, డబ్బా నిండితే కథ మారిపోతుంది.

బొట్లు వస్తుంటే ట్యాప్ విప్పాల్సిందే. దానికి ముందు ట్యాంకు ఖాళీ చేయండి. లీవరు మీద రెండు చిన్న స్క్రూలు ఉన్న రకమైతే అదృష్టవంతులు. ఆ రేకు తీస్తే అలలా వంగిన స్ప్రింగ్ వాషర్, లీవరు, దాని వెనక చిన్న రంధ్రాలున్న గుండ్రని రబ్బరు బిళ్ల కనిపిస్తాయి. బండి ఏళ్ల తరబడి ఒకే స్థానంలో ఉంటే ఆ బిళ్ల గట్టిపడి, లీవరు నొక్కిన గుర్తు దాని మీద అచ్చు పడినట్టు ఉంటుంది. ఆ గుంత గుండానే పెట్రోల్ దాటుతోంది. కొత్త బిళ్ల వేయండి. దొరికేదాకా గడవాలంటే పాతదాన్ని తిరగేసి వేస్తే కొన్నాళ్లు పని చేస్తుంది. లీవరు ముఖం మీద గీతలుంటే అద్దం పలక మీద సన్నని ఎమెరీ కాగితం పరిచి, నూనె చుక్క వేసి, గుండ్రంగా తిప్పుతూ నునుపు చేయండి. స్క్రూల బదులు రివెట్లు కొట్టిన ట్యాపు అయితే విప్పే ప్రయత్నం వద్దు, కొత్తది కొనండి.  మరీ పాత బండ్లలో రబ్బరు బదులు బెండు ఉంటుంది, అది ఎండి కుంచించుకుపోతుంది. మరిగే నీళ్లలో కాసేపు ఉంచితే మళ్లీ ఉబ్బుతుంది.

ట్యాప్ ట్యాంకుకు అతుక్కునే చోట ఒక ఓ-రింగ్ (గుండ్రని రబ్బరు వలయం), స్క్రూల కింద నైలాన్ లేదా ఫైబర్ వాషర్లు ఉంటాయి. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు వాటి స్థానంలో ఇనుప వాషర్లు వేసి ఉంటారు, పాత బండ్లలో ఇది మామూలే. ఇనుప వాషర్ గట్టిగా బిగుస్తుంది గానీ పెట్రోల్‌ను ఆపదు. దాన్ని చూసి ఇంకా బిగిస్తారు, చివరికి ట్యాంకు మరలు పోతాయి.

ఇంజిన్ పీల్చే గాలితో తెరుచుకునే వాక్యూమ్ ట్యాప్ అయితే దానికి సాధారణంగా ఆఫ్ ఉండదు. ఆన్, రిజర్వ్, ప్రైమ్ ఉంటాయి. ప్రైమ్‌లో అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. స్టార్ట్ కాలేదని ప్రైమ్‌లో పెట్టి మరిచిపోయిన బండ్లు నా దగ్గరికి చాలా వచ్చాయి. ఆన్‌లో ఉన్నా కారుతుంటే ఇన్‌టేక్ నుంచి వచ్చే సన్నని వాక్యూమ్ గొట్టం ఊడదీసి చూడండి. అందులో పెట్రోల్ తడి ఉంటే లోపలి డయాఫ్రమ్ (పలచని రబ్బరు పొర) చిరిగింది. అప్పుడు పెట్రోల్ ఆ గొట్టం గుండానే ఇంజిన్‌లోకి పోతుంది, కార్బురేటర్‌ను ఎన్నిసార్లు విప్పినా దొరకదు.

సరే, ట్యాప్ మంచిదే అనుకుందాం. లేదా బాగు చేశారు. అంతమాత్రాన కార్బురేటర్‌ను వదిలేయకూడదు, ట్యాప్ మూయడం మరిచిన రోజు మళ్లీ మొదటికి వస్తుంది.

ఇక్కడే మీరు, మీ మెకానిక్ ఇద్దరూ ఒక సంగతి దాటేశారని నా అనుమానం. ఆ సన్నని పైపు నుంచి పెట్రోల్ వస్తే నీడిల్ పోయిందని అందరూ అంటారు. కానీ చాలా కార్బురేటర్లలో ఆ పైపుకు లోపల మూడు దారులు కలుస్తాయి. చాంబర్ అడుగు గిన్నె విప్పి చూడండి. మధ్యలోనో మూలనో నిటారుగా నిలబడిన ఇత్తడి గొట్టం ఉంటుంది. అది ఓవర్‌ఫ్లో గొట్టం. మట్టం పెరిగి దాని నోటి దాకా వస్తే పెట్రోల్ అందులోంచి కిందికి దిగి బయటికి పోతుంది. నీడిల్ పోతే జరిగేది ఇదే, ఇది మొదటి దారి. రెండోది డ్రెయిన్ స్క్రూ. గిన్నెను ఖాళీ చేయడానికి ఉన్న ఆ స్క్రూ సరిగ్గా కూర్చోకపోయినా, దాని ఓ-రింగ్ పగిలినా పెట్రోల్ అదే పైపు నుంచి కారుతుంది. మూడోది ఆ ఇత్తడి గొట్టమే చీలడం, లేదా గిన్నెలో దిగేసిన మొదట్లో వదులవడం. గొట్టం మీద వెంట్రుకంత చీలిక ఉంటే మట్టం ఎంత సరిగ్గా ఉన్నా పెట్రోల్ కారుతుంది. అప్పుడు నీడిల్ పది మార్చినా తేడా ఉండదు.

రెండు కొత్త నీడిళ్లతో కూడా తేడా రాలేదంటే నేను మొదట చూసేది ఈ గొట్టాన్నే. గిన్నెను శుభ్రంగా తుడిచి, డ్రెయిన్ స్క్రూ బిగించి, రెండు చెక్క ముక్కల మీద సమంగా పెట్టండి. ఇత్తడి గొట్టం నోటికి నాలుగైదు మిల్లీమీటర్ల కిందిదాకా పెట్రోల్ పోయండి. కింద పొడి కాగితం పరవండి. పది నిమిషాల్లో కాగితం తడిస్తే దొంగ గిన్నెలోనే ఉన్నాడు. నీడిల్, ఫ్లోట్ పక్కన ఉన్నాయి, వాటిని నిందించడానికి లేదు. స్క్రూనా, గొట్టమా అని తేల్చడానికి పెట్రోల్ మట్టాన్ని తగ్గిస్తూ చూడండి. ఏదో ఒక ఎత్తుకు దిగాక బొట్టు ఆగిపోతే చీలిక ఆ ఎత్తులో ఉంది. చివరి చుక్క దాకా ఆగకపోతే స్క్రూ గానీ గొట్టం మొదలు గానీ. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మూడు వారాలు కార్బురేటర్ పైభాగమంతా వెతికి ఈ పరీక్షతో పది నిమిషాల్లో తేల్చుకున్న సందర్భం నాకూ ఉంది.

చీలిన గొట్టాన్ని బాగా శుభ్రం చేసి, పెట్రోల్ తట్టుకుంటుందని ప్యాకెట్ మీద స్పష్టంగా రాసి ఉన్న ఎపాక్సీని గొట్టం బయటివైపు పలచగా పూసి పూర్తిగా గట్టిపడనివ్వండి. లావుగా పూస్తే ఫ్లోట్ దానికి తగిలి ఇరుక్కుంటుంది. స్క్రూ అయితే ఓ-రింగ్ మార్చడమే. ఓ-రింగ్ లేకుండా కొన శంకువులా ఉండే రకమైతే కొననూ అది కూర్చునే చోటునూ దూదిపుల్లతో తుడిచి బిగించండి. కాస్త బిగువు చాలు, ఆ మరలు మెత్తని అల్యూమినియంలో ఉన్నాయి.

గిన్నె పరీక్షలో కాగితం పొడిగానే ఉంటే, అప్పుడు నీడిల్ వైపు రండి. కొత్త నీడిల్ వేసినా ఎందుకు ఆగదో చెబుతాను. ట్యాంకులోని పెట్రోల్ నీడిల్ మీద వేసే ఒత్తిడి చాలా తక్కువ. ముప్పై సెంటీమీటర్ల ఎత్తు తేడా ఉంటే సుమారు 0.02 బార్, మీ టైరులో గాలి ఒత్తిడిలో నూరో వంతు. అంత కొంచెమే కాబట్టి ఫ్లోట్ తేలే బలం దాన్ని ఆపగలుగుతోంది. కానీ ఆపే బలం కూడా అంతే కొంచెం. మధ్యలో ఇసుక రేణువంత తుప్పు చేరినా, నీడిల్ ఆనే సీటు మీద జిగురు పొర ఉన్నా అది కూర్చోదు. మూడేళ్లు నిలిచిన ట్యాంకు నుంచి కొత్త నీడిల్‌కు అందేది ఆ తుప్పు పొడే. దారిలో బండి కారడం మొదలుపెడితే స్క్రూడ్రైవర్ పిడితో చాంబర్ పక్కన రెండుసార్లు మెల్లగా తడితే ఆగుతుందని చాలామందికి తెలుసు. ఆగితే అడ్డం పడింది చెత్తేనని అర్థం. అది వైద్యం కాదు, జబ్బు పేరు తెలియడం.

నీడిల్ కూర్చునే సీటును భూతద్దంతో చూడండి. దూదిపుల్లకు లోహాలు తోమే పాలిష్ కొద్దిగా అద్ది, వేళ్ల మధ్య తిప్పుతూ రుద్ది, పెట్రోల్‌తో కడిగేయండి. ఇత్తడి అద్దంలా మెరవాలి. వాల్వ్‌లకు వాడే గ్రైండింగ్ పేస్టు మాత్రం ఇక్కడ వాడకండి, గీతలు పడతాయి. విప్పడానికి వీలైన సీటు అయితే దాని చుట్టూ ఓ-రింగో వాషరో ఉంటుంది. నీడిల్ ఎంత మంచిదైనా పెట్రోల్ ఆ వెనక దారిన వస్తుంది. నీడిల్‌తో పాటు రిపేర్ కిట్‌లో వచ్చిన చిన్న ఓ-రింగ్ ఎక్కడిదో తెలియక డబ్బాలో మిగిలిపోయి ఉంటే, అది ఇదే కావచ్చు.

ఫ్లోట్ విప్పేటప్పుడు ఆగి ఊపిరి పీల్చుకోండి. ఫ్లోట్‌ను పట్టి ఉంచే పిన్ను రెండు చిన్న అల్యూమినియం స్తంభాల మధ్య ఉంటుంది. పిన్ను ఒక కొస కొంచెం లావుగా, తలలా ఉండవచ్చు. తల లేని వైపు నుంచి నెట్టాలి. ముప్పై ఏళ్ల జిగురుతో అది పట్టుకుని ఉంటుంది, సుత్తితో ఒక్కటి వేద్దామనిపిస్తుంది. నేను వేశాను. పిన్ను రాలేదు, స్తంభం విరిగి చేతిలోకి వచ్చింది. ఆ కార్బురేటర్ ఇప్పటికీ నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా బరువుగా పనికొస్తోంది. కార్బురేటర్ క్లీనర్ కొట్టి ఒక పూట వదిలేయండి, వేడి నీటి ఆవిరి తగిలించండి, స్తంభం వెనక గట్టి ఆధారం పెట్టి సన్నని మేకు కొనతో మెల్లగా తోయండి. క్లీనర్ కొట్టే ముందు రబ్బరు ముక్కలన్నీ తీసేయడం మరవద్దు, అది వాటిని ఉబ్బిస్తుంది.

చేతికొచ్చిన ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపి చూడండి. లోపల చప్పుడైతే చిల్లు పడి పెట్రోల్ చేరింది, అది తేలదు. చప్పుడు లేకపోయినా వేడి నీళ్లలో ముంచండి. లోపలి గాలి వేడెక్కి చిల్లు ఉన్న చోట బుడగలు వస్తాయి. ప్లాస్టిక్‌ది అయితే కొత్తది వేయండి. ఇత్తడిదాన్ని అతికించవచ్చంటారు గానీ లోపల పెట్రోల్ ఆవిరి ఉన్న వస్తువుకు వేడి తగిలించమని నేను ఎవరికీ చెప్పను.

తిరిగి బిగించాక కార్బురేటర్‌ను తలకిందులు చేసి, పెట్రోల్ వచ్చే ముక్కుకు శుభ్రమైన గొట్టం తొడిగి ఊదండి. ఫ్లోట్ బరువుకు నీడిల్ మూసుకుని గాలి ఆగాలి. మామూలుగా నిలబెట్టి ఊదితే గాలి పోవాలి. ఫ్లోట్ ఎత్తు మీ మోడల్ మాన్యువల్‌లో మిల్లీమీటర్లలో ఉంటుంది. కొలిచేటప్పుడు కార్బురేటర్‌ను కొద్దిగా వంచి, ఫ్లోట్ మీది రేకు నాలుక నీడిల్ వెనక ఉన్న చిన్న స్ప్రింగు పిన్నును తాకీ తాకనట్టు ఉండగా కొలవాలి. పూర్తిగా తలకిందులు చేస్తే ఫ్లోట్ బరువుకు ఆ స్ప్రింగు నొక్కుకుపోయి కొలత తప్పుతుంది. తేడా ఉంటే ఆ నాలుకను వెంట్రుకవాసి వంచితే చాలు. రెండో నీడిల్ వేసినప్పుడు ఎవరో దీన్ని ఎక్కువ వంచి ఉండే అవకాశమూ లేకపోలేదు.

గిన్నె మూసేటప్పుడు గాస్కెట్ సాగి గాడిలో పట్టడం లేదని కంగారుపడకండి. పెట్రోల్ పీల్చి ఉబ్బింది, అంతే. ఒక రాత్రి గాలికి ఆరనిస్తే చాలాసార్లు మళ్లీ దాని కొలతకు వస్తుంది. అక్కడ సిలికాన్ పేస్టు పూయాలన్న కోరిక పుడుతుంది. మామూలు సిలికాన్ పెట్రోల్‌లో ఉబ్బి, తునకలై జెట్లలో (పెట్రోల్ వెళ్లే సన్నని రంధ్రాలలో) ఇరుక్కుంటుంది. ట్యాప్ మరలకు టెఫ్లాన్ టేపు చుట్టడమూ అలాంటిదే, దాని పోగులు ఎప్పుడో ఒకప్పుడు నీడిల్ కిందికి చేరతాయి.

పైపు మీరు కొత్తది వేశారు కాబట్టి ఎక్కువ చెప్పను. అది పారదర్శకంగా ఉండే మామూలు ప్లాస్టిక్ గొట్టమైతే తీసేయండి. కొన్ని నెలల్లో పసుపెక్కి గాజులా బిగుసుకుని కొసల దగ్గర చీలుతుంది. పెట్రోల్ కోసమే చేసిన రబ్బరు పైపు మీద ఎస్ఏఈ జె30 ఆర్7 వంటి గుర్తు ఉంటుంది. పాత బండ్ల రబ్బరు ఇథనాల్ కలపని పెట్రోల్ కోసం చేసింది, 10 శాతమో 20 శాతమో ఇథనాల్ ఉన్న పెట్రోల్ పోస్తే కొన్ని రకాలు మెత్తబడి ఉబ్బుతాయి, కొన్ని గట్టిపడతాయి. ఓ-రింగులు కొనేటప్పుడు పెట్రోల్‌ను తట్టుకునే వైటాన్ రబ్బరువి అడగండి. మరోసారి పైపు తీయాల్సి వస్తే గట్టిగా లాగకండి, పొడవునా కోసి ఒలిచేయండి. కత్తి మొన ముక్కు మీద గీత పెట్టకుండా చూసుకోండి, ఆ గీతే రేపటి లీకు.

ట్యాంకు గురించి రెండు మాటలు. నీరు పెట్రోల్ కంటే బరువు కాబట్టి అడుగున చేరి అక్కడే తుప్పు పట్టిస్తుంది. ట్యాంకు కింది అతుకుల వెంట, ట్యాప్ చుట్టూ రంగు పొక్కులా లేచి ఉంటే వేలితో నొక్కకండి, ఆ పొక్కే కొన్నిసార్లు చిల్లును మూసి ఉంచుతుంది. సూదిమొనంత చిల్లు మీద మామూలు స్నానపు సబ్బును గట్టిగా రుద్దితే ఇల్లు చేరేదాకా ఆగుతుంది, సబ్బు పెట్రోల్‌లో కరగదు. ఇంటికి చేరాక ట్యాంకు ఖాళీ చేయండి. వెల్డింగ్ చేయిద్దామంటారా, నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం. నెలల కిందట ఖాళీ చేసిందైనా తుప్పు పొరల్లో, అతుకుల్లో మిగిలిన ఆవిరితో బాంబులా పేలగలదు. అది తెలిసిన పనివాళ్ల చేతిలో తప్ప మరెక్కడా వద్దు.

నిండా పోయించిన రోజే మూత దగ్గర తడి కనిపిస్తే అది లీకు కాకపోవచ్చు. 12 లీటర్ల పెట్రోల్ ఇరవై డిగ్రీలు వేడెక్కితే పావు లీటరుకు దగ్గరగా పెరుగుతుంది. మెడ దాకా నింపి ఎండలో నిలబెడితే అది ఎక్కడికి పోవాలి?

కార్బురేటర్ నిజంగా మార్చాల్సిన సందర్భాలూ ఉన్నాయి. నాలాగా స్తంభం విరగ్గొట్టుకుంటే, విప్పడానికి వీల్లేని సీటు అరిగిపోతే, గిన్నె బిగించే మరలు ఊడొచ్చేస్తే, ఇంతకుముందు ఎవరో అతిగా బిగించి గిన్నె అంచు వంకర పోయి సాపు చేయడానికి కుదరకపోతే. మీ మెకానిక్ వీటిలో ఏదైనా చూసి చెప్పారేమో అడగండి. చూసి ఉంటే ఆయన మాటే సరైనది, నేను దూరం నుంచి మాట్లాడుతున్నాను.

అన్నీ బిగించాక ట్యాప్ ఆన్ చేసి, బండిని మెయిన్ స్టాండ్ మీద ఆరుబయట నిలబెట్టి, కింద పాత వార్తాపత్రిక పరిచి ఒక గంట పక్కనే ఉండండి. తర్వాత సైడ్ స్టాండ్ మీద మరో గంట, ఎందుకంటే కొన్ని బండ్లు వాలినప్పుడే కారుతాయి. రెండూ పొడిగా ఉంటే ట్యాప్ ఆఫ్ చేసి రాత్రి వదిలేయండి. గిన్నె పరీక్షలో కాగితం తడిసిందా లేదా, ఆయిల్ వాసన ఎలా ఉంది, ఈ రెండు సంగతులు చెబితే తర్వాత ఏం చేయాలో చూద్దాం.